మిద్దె మీద కూత

చిలకను పెంచుకోవాలని ఎవరికైనా బుద్ధి పుడితే మా రేవు ఊరు ఒల్యావ్‌లో జనం ఒకటే మాట అంటారు: "ముందు ఫెలిజ్బెలాను అడిగి రా." అడగడానికి వెళ్ళినవాళ్ళలో సగంమంది కుక్కపిల్లతో సరిపెట్టుకుంటారు. ఆవిడ ఎవరినీ కసురుకోదు, వద్దనదు. కూర్చోబెట్టి, వేయించిన బాదంపప్పులు చేతిలో పోసి, చల్లగా అడుగుతుంది: "అది అరవై ఏళ్ళు బతుకుతుంది నాయనా, మరి నువ్వెన్నాళ్ళు బతుకుదామనుకుంటున్నావు?" సరదాగా వచ్చినవాడికి పప్పు గొంతులో అడ్డం పడదూ!

ఆవిడ తన కథ మాత్రం సగమే చెబుతుంది. మిగతా సగం నా దగ్గర ఉంది. నేను జెనోవెవాను. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో మేమిద్దరం ఒకే బల్ల దగ్గర పక్కపక్కన నిలబడి సార్డీన్ చేపల తలలు తీసి డబ్బాల్లో పేర్చినవాళ్ళం. నా కూతురు ఇల్డాకు ఆవిడ జ్ఞానతల్లి, బాప్తిస్మం నాడు పిల్లను చేతుల్లో ఎత్తుకున్న మనిషి. ఆ వరసన ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. వదిన అన్నాక నాలుగు అంటాం, నాలుగు పడతాం.

చిలక వచ్చేనాటికి ఫెలిజ్బెలాకు నలభై దాటాయి. తల్లి తొందరగా పోతే తమ్ముళ్ళను నలుగురినీ తనే సాకింది. వాళ్ళకు రెక్కలొచ్చి, పెళ్ళిళ్ళు చేసుకుని, ఎవరి గూటికి వాళ్ళు ఎగిరిపోయారు. తన పెళ్ళి మాట ఎవరికీ గుర్తు రాలేదు, ఆవిడా గుర్తు చేయలేదు. పని అయ్యాక నేరుగా ఇంటికి వెళ్ళకుండా మా వంటింట్లో చతికిలబడేది. మా ఆయన ఆవులించడం మొదలుపెట్టేదాకా లేచేది కాదు.

"ఇంటికి పోతే గోడలు తప్ప పలికే దిక్కులేదు వదినా. నన్ను పిలిచేవాళ్ళు ఒక్కరుంటే చాలు," అనేది. చేతిలో కత్తి జారినా అమ్మా అనని మనిషి ఆ మాట అంటే నేను లేచి ఇంకో కంచం పెట్టేదాన్ని.

పిలిచేవాడు లేక కాదు. దీవులకు పడవ నడిపే జెఫెరీనో ఉన్నాడు. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. ప్రతి ఆదివారం మంచి చేప ఒకటి తెచ్చి ఆవిడ గుమ్మం ముందు నిలబడేవాడు. గొంతు సవరించుకునేవాడు. సవరించిన గొంతుతో ఏమైనా చెబుతాడా అంటే అదీ లేదు. ఆవిడ చేప అందుకుని, "దేవుడు నిన్ను చల్లగా చూడాలి జెఫెరీనో," అని తలుపు వేసేసేది. వాడు ఆ దీవెనతో వారమంతా బతికేవాడు.

అలాంటి రోజుల్లో మా వీధి చివరి గదిలోకి అదెరీతో దంపతులు వచ్చారు. ఆఫ్రికాలోని వలసరాజ్యాలు చేజారి, అక్కడి నుంచి మనవాళ్ళంతా పెట్టేబేడా సర్దుకుని తిరిగొస్తున్న కాలం అది. అందరూ పరుపులు, కుట్టుమిషన్లు తెచ్చుకుంటే ఆయన అక్కడి కబిందా నుంచి ఒక చిలకను తెచ్చుకున్నాడు. ఆకుపచ్చది కాదు. ఒళ్ళంతా బూడిద రంగు, తోక ఒక్కటే ఎర్రన. చూపు మాత్రం సెలవు అడిగిన సిపాయిని చూసే అధికారి చూపు. అందుకే దానికి సార్జెంటు అని పేరు పెట్టాడట. దాని రెక్కల నుంచి రాలే తెల్లటి పొడికి ఆయన భార్యకు ఉబ్బసం ముదిరింది. ఇంట్లో చిలకైనా ఉండాలి, భార్యైనా ఉండాలి అన్నాడు డాక్టరు. ఆలోచించి చెబుతానన్నాడట ఈ మహానుభావుడు. ఆ మాటకు ఆవిడ ఆయన్ని చచ్చేదాకా క్షమించలేదు.

చిలకను ఎవరికైనా ఇచ్చేస్తాడన్న మాట వినగానే ఫెలిజ్బెలా నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. ఆయన మమ్మల్ని ఇనప్పెట్టె మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు.

"ఇవ్వడం సంగతి తర్వాతమ్మా. ముందు నేనడిగేవాటికి జవాబు చెప్పాలి," అన్నాడు.

"ఏమిటయ్యోయ్, పెళ్ళిచూపులా?" అన్నాను నేను.

"అంతకంటే కష్టం తల్లీ. మొగుడు నచ్చకపోతే వాడు పనికెళ్ళినప్పుడైనా ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఇది ఎక్కడికీ వెళ్ళదు." ఆయన ఫెలిజ్బెలా వైపు తిరిగాడు. "ఇది కరుస్తుంది."

"మా తమ్ముళ్ళు నలుగురూ కరిచారు. పెంచలేదూ?"

"కుర్చీకాళ్ళు, తలుపు చెక్కలు కొరికి పొట్టు పొట్టు చేస్తుంది."

"నా కుర్చీలను చెదలు తింటూనే ఉన్నాయి. ఎవరు ముందు తింటారో చూద్దాం."

"పొద్దున లేవగానే, పొద్దు గూకేముందు గొంతు చించుకుని అరుస్తుంది."

"మా వీధిలో అరవనిదెవరయ్యా? ఇదిగో, ఎదురుగా కూర్చుంది చూడండి మా వదిన."

"నన్నెందుకే మధ్యలోకి లాగుతావు!" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఉప్పు, చాక్లెట్, కాఫీ దీని నోటికి తగలకూడదు. పొయ్యి పొగ తగలకూడదు. కుక్కలా కాదమ్మా ఇది. కుక్కను తిట్టినా సాయంత్రానికి తోకాడిస్తుంది. ఇది గుర్తు పెట్టుకుంటుంది. పైగా ఒక్క మనిషినే వరిస్తుంది, మిగతా లోకాన్ని పగబడుతుంది."

ఫెలిజ్బెలా మొహం విప్పారింది. "ఒక్కరినేనా?"

"ఒక్కరినే. ఆ ఒక్కరూ నువ్వు కాకపోవచ్చు కూడా. ముందే చెబుతున్నా."

"సరే."

"ఒంటరిగా వదిలేస్తే బెంగతో తన ఈకలు తనే పీక్కుంటుంది."

ఇక్కడ మాత్రం ఆవిడ తడబడింది. "నేను పనికి పోవాలి కదయ్యా," అంది చిన్న గొంతుతో.

"ఇంట్లో ఉన్నంతసేపూ దానితో ఉండు. నువ్వు లేనప్పుడు వంటింటి కిటికీ దగ్గర పెట్టు, వీధి కనబడాలి. ఇక ఆఖరిది. నువ్వు పోయాక దీన్నెవరు చూస్తారు?"

"ఇల్డా," అంది ఏమాత్రం తడుముకోకుండా. "ఈవిడ కూతురు."

నా కాఫీ ఇనప్పెట్టె మీద పడింది. "అది ఇంకా బడికెళ్ళే పిల్లే తల్లీ! దానికి చిలకను కట్నంగా రాసిస్తావా?" అన్నాను. నా మాట ఎవరికి కావాలి? సార్జెంటు పంజరం దిగి, ఆవిడ చెయ్యి మీదుగా భుజం దాకా నడిచి, జడలోంచి పిన్ను ఒకటి పీకి కిందపడేసి, అది పడిన చప్పుడును మెడ వంచి విన్నది. ఫెలిజ్బెలా ఊపిరి బిగబట్టి కూర్చుంది. అదెరీతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇక తీసుకెళ్ళండమ్మా," అన్నాడు.

పాపం, తెలిసిన ప్రశ్నలన్నీ అడిగాడాయన. అడగని ప్రశ్న ఒకటి ఉండిపోయింది. ఆయన ఊళ్ళో మా ఫ్యాక్టరీలాంటిది లేదు, ఆయనకెలా తెలుస్తుంది?

చేపల ఫ్యాక్టరీలో పనికి గడియారం ఉండదు. పడవలు ఎప్పుడు చేప తెస్తే అప్పుడే పని. తెల్లారుజామున రావచ్చు, భోజనాల వేళ రావచ్చు. చేప రేవుకు చేరగానే ఫ్యాక్టరీ కూత వేస్తుంది. ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో కూత. మాది ఒక పొడుగు కూత, రెండు పొట్టివి, చివర్లో ముసలాయన దగ్గినట్టు ఒక జీర. పక్క వీధి ఆడవాళ్ళు దానికి ఒత్తిగిలను కూడా ఒత్తిగిలరు. మేము మాత్రం చెవి వినేలోపు కాళ్ళు చెప్పుల్లో పెట్టేసేవాళ్ళం. బిడ్డ పాలు తాగుతున్నా, కూర పొయ్యి మీద ఉన్నా, మొగుడితో తగువు మధ్యలో ఉన్నా, ఆప్రాన్ లాక్కుని పరుగే. ముందు చేరినవాళ్ళకు బల్ల దగ్గర చోటు, ఆలస్యమైతే ఆ రోజుకు ఇంటికి.

సార్జెంటు వచ్చాక ఫెలిజ్బెలా ఇల్లు ఇల్లులా లేదు, సంతలా ఉంది. అది నా దగ్గు నేర్చుకుంది. కొళాయి చుక్కలు నేర్చుకుంది. తలుపు కిర్రుమనడం నేర్చుకుంది. జెఫెరీనో గొంతు సవరింపు కూడా నేర్చుకుని, వారం మధ్యలో వినిపించేది. ఆవిడ చేప కోసమని గిన్నె పట్టుకుని తలుపు తీస్తే గుమ్మంలో గాలి తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఒక ఆదివారం నిజం జెఫెరీనో ధైర్యం చేసి గడప దాటి, చిలకను పలకరించడానికి మొహం దగ్గరగా పెట్టాడు. అది మర్యాదగా మెడ వంచి, వాడి చెవి తమ్మెను పట్టుకుని ముక్క లాగేసింది. వాడు చెవికి గుడ్డ అదుముకుని, "పర్వాలేదు, పర్వాలేదు," అంటూ వెనక్కి నడిచాడు. ఆ తర్వాత గడప దాటలేదు.

అన్నీ నేర్చిన ఆ చిలక ఒక్కటి మాత్రం నేర్వలేదు. ఆవిడ రోజూ బాదంపప్పు చూపించి, "ఫె-లి-జ్బె-లా. ఏదీ, అను నాన్నా," అనేది. అది పప్పు తినేది, పేరు వదిలేసేది. "ఇంతమంది గొంతులు పట్టింది, నా పేరొక్కటే దీనికి చేదైందా వదినా?" అని చిన్నపిల్లలా మొహం పెట్టేది. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు నాకు.

మా ఇళ్ళకు పైన మిద్దెలు. బట్టలు ఆరేసేదీ, అంజూరపళ్ళు ఎండబెట్టేదీ అక్కడే. ఆవిడ ఇంట్లో ఉన్నప్పుడు పంజరం మిద్దె మీద గాలికి పెట్టేది. ఫ్యాక్టరీ కూత వినబడితే ముందు మిద్దె మెట్లెక్కి, పంజరం దించి వంటింట్లో పెట్టి, దానికో ముద్దిచ్చి, ఆ తర్వాతే పరుగు. "చిలక ముద్దుకు చోటు పోగొట్టుకుంటావే," అని నేను తిడుతూ గుమ్మంలో కాచుకునేదాన్ని.

ఇల్డా గుడిలో తొలిసారి సత్ప్రసాదం తీసుకున్న పండగ రోజున అసలు గొడవ మొదలైంది. వీధిలో పొడుగ్గా బల్లలు వేశాం. నా కూతురు తెల్లగౌనులో దేవతలా ఉంది. ఆడవాళ్ళంతా ఉన్న ఒక్క పట్టుబట్టా కట్టి, ఎత్తు మడమల చెప్పులు వేసుకుని వచ్చారు. ఫెలిజ్బెలా జ్ఞానతల్లి హోదాలో ఇల్డా పక్కన కూర్చుని మాంసం కోసి పెడుతోంది. అప్పుడే కూత పడింది. ఒక పొడుగు, రెండు పొట్టి, చివర జీర.

ఎవరైనా ఆలోచిస్తే కదా! చెంచాలు ఎక్కడివక్కడ పడ్డాయి. నోట్లో ముద్దలతో, ఎత్తు మడమలతో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రాళ్ళబాట మీద పరుగు తీశాం. ఫ్యాక్టరీ గేటు మూసి ఉంది. కాపలావాడు స్టూలు మీద కూర్చుని పుచ్చకాయ తింటున్నాడు. మమ్మల్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏమ్మా, నా పెళ్ళికేనా? నాకెవరూ చెప్పలేదే," అన్నాడు.

"కూత వేసి వెటకారమా?" అని మీద పడ్డాను నేను.

"కూతా? ఇవాళ ఒక్క పడవ లేదు తల్లీ రేవులో. ఏం తాగారో నాక్కూడా కొంచెం పొయ్యండి."

కాళ్ళు బొబ్బలెక్కి తిరిగొచ్చాం. ఫెలిజ్బెలా మాతో రాలేదు. అలవాటు ప్రకారం పంజరం దించడానికి మిద్దె ఎక్కి, అక్కడే నిలబడిపోయింది. మేమంతా కింద చేరి తలలెత్తి చూస్తుండగా సార్జెంటు రెక్కలు విదిలించి, గొంతు ఉబ్బించి, ఇంకోసారి కూత వేసింది. చివరి జీరతో సహా!

నిజం చెప్పాలి, ఆ రోజు పడీ పడీ నవ్వుకున్నాం. మా మేస్త్రి దొమితీలియా కూడా నవ్వింది. ఆవిడ నవ్వడం మేమెవరం అంతకుముందు చూడలేదు. బల్లల దగ్గర ఎవరు నిలబడాలో, ఎవరు ఇంటికి పోవాలో చెప్పేది ఆవిడే. గట్టి మనిషి, న్యాయమైన మనిషి కూడా.

కానీ రోజూ జోకు వేస్తే ఎవరు నవ్వుతారు? సార్జెంటు వేళాపాళా లేకుండా కూసేది. ఆవిడ బట్టలు ఉతకడానికి వెళితే కూత. మా ఇంటికొస్తే కూత. పని చేసొచ్చి పగటిపూట కాస్త కన్ను మూస్తే కూత. పాపం ఆవిడ చేయని ప్రయత్నం లేదు. పంజరం మీద దుప్పటి కప్పింది. చీకట్లో కూసింది. పొద్దుతిరుగుడు గింజలు లంచం పెట్టింది. తిని కూసింది. ఎవరో చెప్పారని ఆ కూతను మరిపించడానికి గుడిలో పాడే మరియమ్మ కీర్తన నేర్పింది. శ్రద్ధగా నేర్చుకుంది. కీర్తన ఆసాంతం పాడి, ఆమెన్ చోట కూత వేసింది.

వీధి ఆడవాళ్ళు దానికీ అలవాటు పడ్డారు. కూత వినబడితే, "సార్జెంటేలే," అని అటు తిరిగి పడుకోవడం నేర్చుకున్నారు. ఒకరోజు తెల్లవారుతుండగా నేనూ అదే అని దిండు చెవి మీద పెట్టుకున్నాను. అది సార్జెంటు కాదు. రేవులో పడవలు మునిగేటంత చేపతో వచ్చి ఉన్నాయి. మేము తీరిగ్గా లేచి, తీరిగ్గా కాఫీ తాగేసరికి మా బల్లల దగ్గర, మాకు బదులు రప్పించిన పక్క పేట ఆడవాళ్ళు నిలబడి మా కత్తులతో మా చేపలు కోస్తున్నారు. దొమితీలియా మమ్మల్ని గేటు దగ్గరే ఆపింది. ఏడాది మొత్తంలో ఎక్కువ చేపలు పడిన రోజున మాకు పని లేకుండా పోయింది.

ఆ మధ్యాహ్నం వీధంతా ఫెలిజ్బెలా గుమ్మం ముందు చేరింది. ముందు దొమితీలియా నిలబడింది.

"చూడమ్మా ఫెలిజ్బెలా," అంది. అరవలేదు, అదే భయం వేసింది నాకు. "పిల్లలున్నవాళ్ళు వీళ్ళంతా. నీ ముచ్చటకు వీళ్ళ పొయ్యిలు ఆరకూడదు. సోమవారంలోగా చిలకైనా ఈ వీధి దాటాలి, నువ్వైనా బల్ల దగ్గర నీ చోటు వదలాలి. ఏది కావాలో నువ్వే తేల్చుకో."

"చిన్నప్పటినుంచీ ఆ చోట నిలబడ్డాను దొమితీలియా," అంది ఫెలిజ్బెలా.

"అందుకే నీకు తేల్చుకోమని చెప్పాను. ఇంకొకరైతే నేనే తేల్చేదాన్ని."

ఆవిడ మొహం చూడలేక ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. నేను ఒక్కదాన్నే ఉండిపోయాను. ఆవిడ వంటింట్లో కూర్చుని, సార్జెంటు మెడ వెనక ఈకలు గోకింది. "పని లేకపోతే దీనికేం పెడతాను, నేనేం తింటాను?" అంది. తనకు తానే చెప్పుకుంది. ఆ తర్వాత కన్నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోకుండా పంజరం కడగడం మొదలుపెట్టింది.

కులాత్ర దీవిలో ఆవిడ పిన్ని కూతురు యులాలియా ఉంది. అక్కడ ఫ్యాక్టరీ లేదు, ఉన్నదల్లా ఇసుక, పడవలు, ఉప్పుటేటి బురదలో గుల్లలు ఏరి అమ్ముకు బతికే జనం. కూత వేసినా చెడేదేమీ లేదు. ఆదివారం పొద్దున ముగ్గురం బయల్దేరాం, ఆవిడ, నేను, దుప్పటి కప్పిన సార్జెంటు. జెఫెరీనో శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని పడవ దగ్గర నిలబడ్డాడు. పంజరాన్ని అంత ప్రేమగా ఎక్కించుకున్న మనిషిని నేను చూడలేదు. శత్రువును అత్తారింటికి పంపుతున్నట్టుంది వాడి సంబరం.

"నవ్వు కాస్త తగ్గించుకోవయ్యా," అని వాడి చెవిలో అన్నాను, కొరకని చెవిలో.

"నేనెక్కడ నవ్వాను జెనోవెవా?" అన్నాడు నవ్వుతూ.

యులాలియా ఇంటి వెనక నీడలో పంజరం పెట్టారు. ఫెలిజ్బెలా అప్పగింతలు మొదలుపెట్టింది. బాదంపప్పు నానబెట్టి పెట్టు. అంజూరం ఎండుది వద్దు, పండుది పెట్టు. తల మీద నిమరకు, మెడ వెనక గోకు. సాయంత్రం అరిస్తే తిట్టకు, అది రోజంతా జరిగింది అప్పజెప్పుకోవడం. యులాలియా విసుగెత్తి, "నేనేమీ వండుకు తినను లేవే తల్లీ, పడవకు వేళయింది, పో," అంది. ఫెలిజ్బెలా వంగి, పంజరం ఊచల మధ్య వేలు పెట్టింది. అది కరవలేదు, ముక్కుతో పట్టుకుని వదల్లేదు. ఆవిడ నెమ్మదిగా వేలు లాక్కుని, వెనక్కి చూడకుండా నడిచింది.

పడవ రేవు విడిచింది. గాలి లేదు, ఏరు పళ్ళెంలో నీళ్ళలా నిలిచి ఉంది. ఇంకా మలుపు తిరగనే లేదు, ఒడ్డు నుంచి వచ్చింది కూత. ఒక పొడుగు, రెండు పొట్టి, చివర జీర.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను లేచి నిలబడి నడుముకు ఆప్రాన్ కోసం తడుముకున్నాను! దీవి నుంచి తిరిగొస్తూ మా పడవెక్కిన పక్క పేట ఆడవాళ్ళు ఇద్దరు విరగబడి నవ్వారు. "అయ్యో, మీ ఫ్యాక్టరీ దీవికి తరలిపోయిందా ఏమిటే?" అన్నారు.

"నోరు ముయ్యండే," అన్నాను. ఫెలిజ్బెలా కూడా నిలబడి ఉంది, ఒడ్డు వైపు తిరిగి. మళ్ళీ కూత వచ్చింది. మళ్ళీ. ఈసారి జీర లేదు, గొంతు నిజంగానే పగిలింది.

"కూర్చో వదినా. సార్జెంటే కదా, కాసేపటికి మర్చిపోతుంది," అన్నాను.

"ఇక్కడ ఫ్యాక్టరీ లేదు వదినా," అంది.

"లేదు, అందుకేగా తెచ్చాం."

"మరి ఎవరిని పిలుస్తోంది?"

"ఎవరిని పిలుస్తుంది? చిలక కూస్తుంది, అంతే."

"కూత పడగానే నేనేం చేసేదాన్ని? చెప్పు."

"మిద్దె మీదికి పరుగెత్తేదానివి. దాని దగ్గరికి. ఎన్నిసార్లు తిట్టాను నిన్ను..." అంటూనే నేను ఆగిపోయాను. ఉతకడానికి వెళ్ళినప్పుడు కూత. మా ఇంటికొచ్చినప్పుడు కూత. కన్ను మూస్తే కూత. వీధిలో విందు భోజనానికి కూర్చుంటే కూత. మాకందరికీ అది పని పిలుపు. ఆ పిచ్చి పక్షికి తెలిసింది మాత్రం ఒకటే, ఆ చప్పుడు చేస్తే ఆవిడ ఎక్కడున్నా వస్తుందని.

"నేను నేర్పిన పేరు దానికెందుకు వదినా? అది నాకెప్పుడో పేరు పెట్టుకుంది. రోజూ పిలుస్తూనే ఉంది. నేనే దుప్పటి కప్పాను," అంది ఫెలిజ్బెలా. ఏడవలేదు. జెఫెరీనో వైపు తిరిగింది. "పడవ తిప్పు."

వాడు చుక్కాని మీద చెయ్యి అలాగే ఉంచి ఆవిడ మొహంలోకి చూశాడు. నవ్వు ఎటు పోయిందో పోయింది.

"తిప్పి? దాన్ని మళ్ళీ తెచ్చుకుంటావా? దొమితీలియా ఊరుకోదు."

"తెచ్చుకోను. నేనే దిగిపోతాను. యులాలియా గది ఒకటి ఖాళీగానే ఉంది. గుల్లలు ఏరుకుంటాను."

"బురదలో నడుము పడిపోతుంది."

"ఇప్పుడు మాత్రం నిలబడి ఉందా?"

పక్క పేట ఆడవాళ్ళు కూడా నవ్వు ఆపేశారు. జెఫెరీనో నీళ్ళ వైపు చూశాడు. ఆ ఇస్త్రీ చొక్కాలో వాడిని చూస్తే నాకు మొదటిసారి జాలేసింది.

"అది ఉన్నంతకాలం నేను నీ గడప తొక్కలేను ఫెలిజ్బెలా," అన్నాడు.

"తొక్కలేవు."

"అరవై ఏళ్ళు బతుకుతుందన్నావు."

"బాగా చూసుకుంటే ఇంకా ఎక్కువే."

కూత మళ్ళీ వచ్చింది, బొంగురుగా, ఆగి ఆగి. వాడు వింటూ నిలబడ్డాడు. ఆ తర్వాత వాడి జన్మలో అన్నింటికంటే పొడుగు మాట అన్నాడు. "అయితే గడప బయట ఒక కుర్చీ వేయించు. ఆదివారాలు నేను అక్కడే కూర్చుంటాను. నాకేమీ అవమానం కాదు." అని చుక్కాని తిప్పాడు.

ఫెలిజ్బెలా వాడిని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "నీడపట్టున వేయిస్తాలే," అంది. పడవ ఇసుకను తాకకముందే, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, పాతికేళ్ళ పిల్లలా ఒడ్డుకు పరుగెత్తింది. కూత ఆగిపోయింది.

సోమవారం తెల్లారగానే ఫ్యాక్టరీ కూత వేసింది. ఈసారి సార్జెంటా కాదా అని ఎవరూ అనుకోలేదు. అందరం పరుగెత్తాం, నేనూ పరుగెత్తాను. బల్ల దగ్గర నా పక్కన కొత్త పిల్ల నిలబడి ఉంది, మంచి పిల్లే, కత్తి ఎలా పట్టుకోవాలో కూడా ఇంకా తెలీదు. ఆ కూత ఇన్నేళ్ళుగా మమ్మల్నందరినీ పిలుస్తోంది, మాలో ఒక్కరు రాకపోతే ఇంకొకరితో సరిపెట్టుకుంటుంది. అది తలచుకుంటే నాకు దుఃఖం ఆగలేదు. చేపలు కోస్తూనే ఏడ్చాను, కన్నీళ్ళు డబ్బాల్లోకి కారాయి. దొమితీలియా వచ్చి నా వెనక నిలబడింది. భుజం మీద చెయ్యి వేసింది.

"డబ్బాల్లో ఉప్పు మేం వేస్తాంలే జెనోవెవా," అంది. "నువ్వు చేపలు పేర్చు."